నర్సింగ్‌లో డాక్టరేట్: కామారెడ్డి నుంచి దారి ఎటు?

బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో స్టాఫ్ నర్సుగా డ్యూటీ చేస్తున్నవారికి ‘ఇంకా పైకి చదవాలి’ అనిపించడం సహజం. నర్సింగ్‌లోనూ డాక్టరేట్ ఉంది. అయితే అది ఒకటి కాదు, రెండు. వాటి చదువు వేరు, చదివాక చేసే పనీ వేరు. ఫీజు కట్టేముందు ఈ తేడా తెలుసుకోవాలి.

మొదటిది పీహెచ్‌డీ. మన దేశంలో చదవగలిగేది ఇదే. ఇది పరిశోధన చదువు. పూర్తిచేసినవారు ఎక్కువగా బోధనలో, పరిశోధనలో స్థిరపడతారు. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో కనీసం 55 శాతం మార్కులు ఉండాలి. రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు పడుతుంది, గరిష్ఠ గడువు ఆరేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల వెసులుబాటు, ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు ఇస్తారు. పెళ్లయ్యాక చదువు ఆగిపోతుందని భయపడేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

రెండోది డీఎన్‌పీ, అంటే డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్. ఇది రోగి దగ్గర చేసే నర్సింగ్ సేవలో అత్యున్నత చదువు. దీని మూలాలు అమెరికాలో ఉన్నాయి. పల్లెల్లో, పేదల వాడల్లో పిల్లల డాక్టర్లు చాలని రోజుల్లో, 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే డాక్టరు కలిసి ‘నర్స్ ప్రాక్టీషనర్’ శిక్షణ మొదలుపెట్టారు. ఆ నర్సు రోగిని పరీక్షిస్తుంది, జబ్బు గుర్తిస్తుంది, అక్కడి అన్ని రాష్ట్రాల్లో మందులూ రాస్తుంది. ఆ బాధ్యతకు తగ్గ చదువుగా 2001లో కెంటకీ విశ్వవిద్యాలయం డీఎన్‌పీ ప్రారంభించింది. బీఎస్సీ స్థాయి డిగ్రీ తర్వాత సాధారణంగా కనీసం 1000 గంటల క్లినికల్ అనుభవం ఉండాలి. పెద్ద థీసిస్‌కు బదులు, తాను పనిచేసే చోట ఒక సమస్యను తీసుకుని సేవ మెరుగుపరిచి చూపాలి. మనవాళ్లు అక్కడ చదవాలంటే ముందుగా ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి అక్కడి రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు పొందాలి.

మన దేశంలో దీనికి దగ్గరగా ఉన్నవి రెండు. ఒకటి, ఐసీయూ సేవల కోసం భారత నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్. ఇది రెండేళ్ల పీజీ కోర్సు. రెండోది మంత్రసాని విద్యకు ఆధునిక రూపమైన మిడ్‌వైఫరీ. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో 18 నెలల శిక్షణ ప్రారంభించాయి. సహజ కాన్పులకు తోడ్పడే ఈ శిక్షణ అవసరం అంకెల్లోనే కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం.

కామారెడ్డికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కానీ గాంధారి, లింగంపేట, నాగిరెడ్డిపేట మండలాల పల్లెల్లో, తండాల్లో బీపీ, షుగర్ ఉన్నవారిని, గర్భిణులను నెలనెలా కనిపెట్టుకుని ఉండేది ఏఎన్ఎం, నర్సు, ఆశా కార్యకర్తలే. ఉన్నత శిక్షణ పొందిన నర్సు ఎల్లారెడ్డిలో ఉంటే ముప్పును ముందే పసిగట్టి, ఎవరిని ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో తేల్చగలదు. ఆ చదువు అవసరం పట్నాలకంటే ఇలాంటి చోటే ఎక్కువ.

చదవదలచినవారు ఒక వరుస పాటించాలి. బీఎస్సీ తర్వాత రిజిస్ట్రేషన్ చేయించుకుని కనీసం ఏడాది వార్డులో పనిచేయాలి. ఎమ్మెస్సీకి ఆ అనుభవం అవసరం. ఆ తర్వాతే బోధనా, రోగి సేవా అన్నది నిర్ణయించుకుని దారి ఎంచుకోవాలి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో విదేశీ పీహెచ్‌డీ ఇప్పిస్తామనే ప్రకటనలను నమ్మొద్దు. ఎడ్‌టెక్ సంస్థలు విదేశీ విద్యాసంస్థలతో కలిసి ఇచ్చే అలాంటి పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022లోనే హెచ్చరించాయి. ఏ నర్సింగ్ కోర్సుకైనా భారత నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూశాకే రూపాయి కట్టాలి.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. చదివిన నర్సుకు ఆ స్థాయి పోస్టు, జీతం, చట్టబద్ధమైన అధికారం లేకపోతే ఆమె విదేశాలకే వెళ్తుంది. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో నర్స్ ప్రాక్టీషనర్ పోస్టులు సృష్టించాలి. అప్పుడే మన ఆడపిల్లల పై చదువు మన ఊరి రోగికి అందుతుంది.