వాచింది పాదమైతే చెయ్యి గజ్జల దగ్గరెందుకు?

గంజాం తీరంలో, బరంపురం వీధుల్లో బోదకాలు కొత్త సంగతేమీ కాదు. మురుగునీట్లో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చిన పురుగు లింఫు నాళాల్లో ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. నాళాలు ఉబ్బి, లోపలి కవాటాలు చెడితే, పైకెక్కాల్సిన ద్రవం కాల్లోనే ఉండిపోతుంది.

ఏటా పంచే మాత్రలతో వాపు పోదా?

డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ముఖ్యంగా రక్తంలోని పిల్లపురుగులను చంపి, జబ్బు మరొకరికి పాకకుండా ఆపుతాయి. చెడిన నాళాలను మాత్రం బాగుచేయలేవు.

మరి ఈ వాపుకు చేసే లింఫు మర్దన ఏం చేస్తుంది?

ఇది నూనె రాసి గట్టిగా తోమే మర్దన కాదు. సన్న లింఫు నాళాలు చర్మం కిందే ఉంటాయి. నిలిచిన ద్రవం కదలడానికి చర్మం కాస్త జరిగితే చాలు, కండ నలగకూడదు. గట్టిగా నొక్కితే లాభం కన్నా చేటే ఎక్కువ. డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వాడర్, ఎస్ట్రిడ్ దంపతులు 1930లలో ఈ పద్ధతిని తీర్చిదిద్ది, 1936లో పారిస్‌లో పరిచయం చేశారు.

మర్దన చేసే వరుస ఇది: మొదట మెడ, పొట్ట, గజ్జలు, ఆ తర్వాత తొడ, చివరికి పాదం. రుషికుల్య కాలువ కింద సేద్యం చేసేవారికి ఈ వరుస ఎందుకో చెప్పక్కర్లేదు. దిగువ మురుగుకాలువ పూడిక తీయకుండా పొలంలో నీళ్లెంత తోడినా మళ్లీ నిలుస్తాయి.

అంతటితో తగ్గుతుందా?

తగ్గదు. చెయ్యి తీయగానే ద్రవం మళ్లీ దిగుతుంది. అందుకే వెంటనే తక్కువ సాగే గుడ్డతో పొరలు పొరలుగా కట్టు కడతారు. నా లెక్కలో అసలు పని కట్టుదే. మందులషాపులో దొరికే మామూలు క్రేప్ బ్యాండేజీ బాగా సాగుతుంది కాబట్టి దానికి బదులు రాదు. మే నెల ఉక్కలో కట్టుతో తిరగడం నరకమే, కాదనను. కట్టుతోనే నడవాలి, చీలమండ ఆడించాలి. పడుకున్నప్పుడు మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకోవాలి.

చలిజ్వరం, గజ్జల్లో బిళ్లలు ఎందుకొస్తాయి?

వేళ్ల సందుల్లోని పగుళ్ల నుంచి బాక్టీరియా దూరుతుంది. అలాంటి ప్రతి దాడితోనూ కాలు మరికాస్త లావెక్కుతుంది. కాబట్టి మర్దనకన్నా ముందు రోజూ కాలు సబ్బుతో కడిగి, సందులు తడి లేకుండా అద్దుకోవాలి. బయటికెళ్తే చెప్పులు తప్పనిసరి. ప్రభుత్వ కార్యక్రమం కింద తొట్టి, మగ్గు, సబ్బు, తువ్వాలు, మలాము ఉన్న కిట్టు ఇచ్చేది ఇందుకే.

మర్దన ఎప్పుడు చేయకూడదు?

జ్వరంతో కాలు ఎర్రబడి మండుతున్నా, గుండె జబ్బు వల్ల నీరు పట్టినా, పిక్క సిరలో రక్తం గడ్డకట్టిందని అనుమానం ఉన్నా కాలు ముట్టుకోకుండా డాక్టరుకు చూపించాలి.