మంచి మనసులోని తరతమాలు

నర్సీపట్నం మన్యానికి ముఖద్వారం. చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి వైపు నుంచి భగత, కొండదొర, కోందు తెగలవారు వైద్యానికీ, కొనుగోళ్లకూ ఇక్కడికే దిగుతారు. వారిని ద్వేషించేవారు ఈ ఊళ్లో తక్కువ. మేలు కోరేవారే ఎక్కువ. అందుకే వారితో మనం మాట్లాడే తీరును నిదానంగా చూడాలి.

ఏ మందుల షాపు దగ్గరైనా కాసేపు నిలబడి గమనించండి. మైదానపు పెద్దాయనను "మీరు" అన్న నోరే, అదే వయసు ఆదివాసీని "నువ్వు" అంటుంది. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఆయనకు కాక, తోడు వచ్చిన కుర్రాడికి చెబుతుంది. ఆ మాటలో కోపం ఉండదు, చాలాసార్లు జాలే ఉంటుంది. ఎదుటి మనిషికి అర్థం కాదని ముందే తేల్చేసుకున్న జాలి అది.

మనస్తత్వ శాస్త్రంలో దీన్ని అవ్యక్త పక్షపాతం అంటారు. అంటే, మనం ఒప్పుకోని తరతమాలను మన మనసే మనకు తెలియకుండా పాటించడం. దీనికి పునాది వేసిన 1995 నాటి పరిశోధనా వ్యాసాన్ని ఆంథొనీ గ్రీన్‌వాల్డ్‌తో కలిసి రాసిన మహజరీన్ బనాజీ సికింద్రాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివినవారు. ఆ తర్వాత వచ్చిన పరీక్షలు, ఏ రెండు భావాలను మనసు ఎంత త్వరగా జత చేస్తుందో కొలుస్తాయి. ఒక వ్యక్తి రేపు ఎలా నడుచుకుంటాడో అవి చెప్పగలవా అన్నదానిపై వాదం ఉంది. కానీ నమ్మకం ఒకటి, తొందరలో కలిగే స్పందన మరొకటి కావచ్చని అవి చూపాయి.

ఈ జతలు విన్న కథల వల్ల బలపడతాయి. అమాయక గిరిజనులను అల్లూరి సీతారామరాజు బ్రిటిష్ పాలనపై మేల్కొలిపాడని మనం పిల్లలకు చెబుతాం. ఆయన సాహసం నిస్సందేహమైనది. కానీ ఆ కొండలు 1879లో రంపలో, 1886లో గూడెంలో అప్పటికే తిరగబడ్డాయి. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుపడింది. నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు పనిలో చాలీచాలని కూలి ఇచ్చి మన్యంవారి చేత చాకిరీ చేయించారు. 1922 ఆగస్టు 22న సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేసేనాటికి తమకు జరుగుతున్నదేమిటో వారికి బాగా తెలుసు.

సీతారామరాజు సహచరుడైన మన్యం నాయకుడు గాం గంటందొర ఆ పోరులోనే 1924లో ప్రాణాలిచ్చారు. ఆయన సోదరుడు మల్లుదొర జైలు శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అది మన్యం, మైదానం కలిసి ఓటేసిన ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. మల్లుదొరను ఢిల్లీకి పంపిన ఓట్లలో మైదానంవారివీ ఉన్నాయి.