పిల్లి ఒంట్లో కావలి కణాలు

ఇంట్లో బియ్యం బస్తా ఉంటే ఎలుక వస్తుంది. ఎలుక వస్తే పిల్లి కావాలి. తుక్కుగూడ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లి తిరగని వాడ ఉండదు. ఆ పిల్లే చిక్కిపోయి, పుండ్లు మానకపోతే, "దానికి ఎయిడ్స్ వచ్చిందంట. ముట్టుకుంటే మనకూ వస్తదంట" అని తరిమేస్తారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. మిగిలింది ఉత్త భయం.

పిల్లులకు ఎయిడ్స్ లాంటి జబ్బు ఉంది. 1986లో అమెరికాలో పెటలూమా అనే చోట పెంపుడు పిల్లుల్లో దీన్ని కనుగొన్నారు. నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో అనే శాస్త్రవేత్తలు ఆ వైరస్‌ను బయటపెట్టారు. దాని పేరు ఎఫ్.ఐ.వి. అదే ఏడాది మన దేశంలో, చెన్నైలో, మనుషులకు వచ్చే హెచ్.ఐ.వి. మొదటిసారి బయటపడింది. ఈ రెండు వైరస్‌లూ దాయాదులు. కానీ పిల్లిది మనిషికి రాదు. మనిషిది పిల్లికి రాదు.

రక్తంలో తెల్లకణాలు ఉంటాయి. చేనుకు కావలి ఉన్నట్టు ఇవి ఒంటికి కావలి. అన్నిటి పనీ ఒకటి కాదు. సీడీ-4 అనే కణాలు శత్రువును గుర్తుపట్టి మిగతావాటిని పిలుస్తాయి. సీడీ-8 అనే కణాలు వైరస్ దూరిన కణాలను చంపుతాయి. ఇంకో రకం కణాలు యాంటీబాడీలు తయారు చేస్తాయి. అవి వైరస్‌కు అంటుకుని దాన్ని అడ్డుకుంటాయి.

మగపిల్లులు రాత్రిపూట కొట్లాడి కరుచుకుంటాయి. జబ్బు పిల్లి ఉమ్మి గాయంలో పడుతుంది. అలా వైరస్ లోపలికి పోతుంది. పోయి ముఖ్యంగా సీడీ-4 కణాలనే పట్టుకుంటుంది. కేకవేసే కావలివాడి గొంతే ముందు నొక్కుతుంది. దొంగ తెలివి అంటే ఇదే!

ఒళ్లు ఊరుకోదు. కొన్ని వారాల్లో సీడీ-8 కణాలు పెరుగుతాయి. యాంటీబాడీలు తయారవుతాయి. జ్వరం రావచ్చు, బిళ్లలు కట్టవచ్చు. తర్వాత వైరస్ అణుగుతుంది. పిల్లి ఏళ్ల తరబడి ఎలుకలు పడుతూ బాగానే ఉండవచ్చు. అయితే వైరస్ పూర్తిగా పోదు. కొన్ని కణాల లోపల చప్పుడు చెయ్యకుండా దాక్కుంటుంది. అక్కడ కావలివాళ్లకు కనపడదు. నెమ్మదిగా సీడీ-4 కణాలు తగ్గిపోతాయి. అప్పుడు చిగుళ్లు వాస్తాయి, చిన్న పుండు కూడా మానదు.

చిక్కిన ప్రతి పిల్లికీ ఈ జబ్బే అనుకోకూడదు. కడుపులో పురుగులున్నా చిక్కుతుంది. పశువుల డాక్టరుకు చూపించాలి. దగ్గరలోని రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాలే ఉంది. మగపిల్లికి ఆపరేషన్ చేయిస్తే కొట్లాటలు తగ్గుతాయి.

మనుషుల్లో హెచ్.ఐ.వి. పట్టుకునేదీ సీడీ-4 కణాలనే. దానికి మందులున్నాయి. 2004 నుంచి ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తోంది. రోజూ తప్పకుండా వాడేవాళ్లు చాలా ఏళ్లు ఆరోగ్యంగా బతుకుతారు. వాళ్లతో కలిసి తిన్నా, చెయ్యి పట్టుకున్నా జబ్బు అంటదు.

పిల్లి కరిస్తే మాత్రం సంగతి వేరు. పిచ్చికుక్క వల్ల వచ్చే రేబీస్ పిల్లి వల్ల కూడా రావచ్చు. గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పావుగంట కడగాలి. ఆ రోజే సర్కారు దవాఖానాకు పోయి సూది వేయించుకోవాలి. పసుపు, సున్నం పెట్టి ఊరుకోకూడదు.