గేటు దగ్గర అన్న ఎందుకు బొమ్మలా నిలబడిపోయాడు? మాజీ సైనికుల్లో డిసోసియేషన్

ఇవాళ్టి ముచ్చట పటాన్‌చెరు నుంచి మొదలుపెడదాం. మీలో చాలామంది పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్ వైపు పనిచేస్తుంటారు, లేదంటే ఇంట్లో ఎవరో ఒకరు అక్కడికి షిఫ్టుకు పోతుంటారు. కంపెనీ గేటు దగ్గర మనల్ని ఆపి, ఐడీ కార్డు చూసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకునే సెక్యూరిటీ అన్నను ఒకసారి గుర్తుతెచ్చుకోండి. నీటుగా దువ్విన మీసం, మెరిసే బూట్లు. వాళ్లలో కొంతమంది ఎక్స్ ఆర్మీ. 2022కు ముందు చేరిన సిపాయికి 15 ఏళ్ల సర్వీసు నిండితే పెన్షన్ వస్తుంది. అంటే 19 ఏళ్లకు చేరినవాడు 40 లోపే బయటికి వచ్చేస్తాడు. పిల్లల చదువులు అప్పటికి సగంలో ఉంటాయి. అందుకే రెండో ఉద్యోగం, అందుకే ఈ గేటు.

ఇప్పుడు ఒక సీన్ ఊహించుకోండి. ఇది ఫలానా మనిషి కథ కాదు, డాక్టర్లు చెప్పే లక్షణాలు కలిపి నేను అల్లింది. రాత్రి 2 గంటలు. ప్లాంట్‌లో సేఫ్టీ వాల్వ్ ఒక్కసారిగా తెరుచుకుంది, స్టీమ్ బుస్సుమని బయటికి కొట్టింది. అందరూ ఉలిక్కిపడి, మళ్లీ పనిలో పడ్డారు. గేటు దగ్గర అన్న మాత్రం రిజిస్టర్ మీద పెన్ను పెట్టి అట్లనే ఉండిపోయాడు. లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు, పలకలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం ఇక్కడ లేదు. ఏడెనిమిది నిమిషాలయ్యాక "ఏంది, బండి ఎప్పుడొచ్చింది?" అన్నాడు. పొద్దున సూపర్‌వైజర్ రాసిన రిపోర్టులో ఒక్కటే లైను: డ్యూటీలో తాగి ఉన్నాడు.

ఆ ఒక్క లైనుతో ఉద్యోగం పోతుంది. అక్కడ జరిగింది మాత్రం డిసోసియేషన్ అయి ఉండొచ్చు.

డిసోసియేషన్ అంటే ఏంటి? మన జ్ఞాపకం, మన ఒళ్లు, మన భావాలు, మన చుట్టూ ఉన్న లోకం, ఇవన్నీ మామూలుగా ఒకదానికొకటి కలిసి నడుస్తాయి. ఆ లింకు కాసేపు తెగిపోవడమే డిసోసియేషన్. కొంచెం కొంచెం అందరికీ అవుతుంది. పటాన్‌చెరులో బైక్ ఎక్కి ముంబై హైవే మీద పోతుంటే కంది వచ్చేస్తుంది, రుద్రారం ఎప్పుడు దాటామో గుర్తుండదు. అది జబ్బు కాదు. జబ్బు ఎప్పుడంటే, అది మన చేతిలో లేకుండా పదే పదే వచ్చి బతుకుకు అడ్డం పడినప్పుడు.

ఇంట్లో లోడ్ ఎక్కువైతే ఎంసీబీ పడిపోతుంది కదా, అట్లాంటిదే అనుకోండి. ఎదురుగా ప్రాణాపాయం ఉంది. పారిపోయే దారి లేదు, కొట్టే వీలు లేదు. పక్కనున్న దోస్తు కళ్ల ముందే పోయాడు. ఆ క్షణంలో మెదడు మొత్తం భారం మోయలేక కొన్ని లైన్లు కట్ చేస్తుంది. నొప్పి తెలియదు, భయం తెలియదు, సినిమాలో ఎవరినో చూస్తున్నట్టు తననే తాను చూసుకుంటాడు. బార్డర్‌లో ఆ రోజు అతన్ని నిలబెట్టింది అదే కావొచ్చు. కానీ ఒకసారి అట్లా పడటం అలవాటైన ఎంసీబీ, ఇరవై ఏళ్ల తర్వాత చిన్న లోడుకే పడిపోతుంది. ఒక చప్పుడు, ఒక కాలిన వాసన చాలు.

మన సినిమాలు ఇక్కడ కొంచెం తప్పుదారి పట్టించాయి. 2005లో వచ్చిన అపరిచితుడు, చంద్రముఖి చూసిన మనకు ఇట్లాంటి జబ్బు అంటే గొంతు మార్చి, కళ్లు ఎర్రజేసి ఇంకో మనిషి అయిపోవడమే అనిపిస్తుంది. సైనికుల్లో డాక్టర్లకు కనిపించేది ఎక్కువగా అంత హడావుడి లేనిది: తన ఒళ్లు తనది కానట్టు ఉండటం, చుట్టూ ఉన్నదంతా అద్దం అవతల ఉన్నట్టు అనిపించడం, కొన్ని గంటలు అసలు గుర్తు లేకపోవడం. చాలాసార్లు ఇది పీటీఎస్‌డీతో కలిసే వస్తుంది. అమెరికా సైకియాట్రిస్టుల డీఎస్ఎం-5 అనే పుస్తకం 2013లో దీన్ని పీటీఎస్‌డీలో ఒక ప్రత్యేక రకంగా చేర్చింది కూడా.

సంగతి మాత్రం పాతదే. మొదటి ప్రపంచ యుద్ధంలో చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ డాక్టర్, 1915లో లాన్సెట్ పత్రికలో 'షెల్ షాక్' అనే పేరుతో ఇట్లాంటి సైనికుల గురించి రాశాడు. ఆ సైనికులను పిరికివాళ్లని, నాటకాలని తిట్టిన కాలం అది. 1940లో రాసిన పుస్తకంలో ఆయన ఇంకో మాట చెప్పాడు: ఆ మనిషిలో ఒక భాగం మామూలుగా కనిపిస్తూ పనులు చేసుకుంటుంది, ఇంకో భాగం ఆ పేలుడు దగ్గరే ఇరుక్కుపోయి ఉంటుంది. మా ఊళ్లలో ఇళ్లలో వినిపించే మాట కూడా అదే కదా: "మనిషి ఇంట్లోనే ఉన్నాడు, కానీ లేడు." భార్యకు అది ప్రేమ లేకపోవడంలా కనిపిస్తుంది, పిల్లలకు కోపంలా. కోపం కాదది, మొద్దుబారిపోవడం.

పటాన్‌చెరులో దీనికి ఇంకో చిక్కు ఉంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. ఆచూకీ దొరకని వాళ్లతో కలిపి 50 మందికి పైగా పోయారు. అంటే ఇక్కడ పేలుడు పాత జ్ఞాపకం మాత్రమే కాదు, నిజంగా జరిగే పని. వేరే ఊళ్లో అయితే "అన్నా, ఇక్కడ ఏ ప్రమాదం లేదు" అనొచ్చు. ఇక్కడ ఆ మాట గుడ్డిగా అంటే అబద్ధం అవుతుంది, అబద్ధం అతనికి తెలిసిపోతుంది. అందుకే ముందు చూడాల్సింది అలారం. నిజంగా మోగుతుంటే ఇంకేం ఆలోచించొద్దు, ముందు నుంచి పేరు పిలిచి, చెయ్యి పట్టుకుని అసెంబ్లీ పాయింట్‌కు నడిపించండి. బిగుసుకుపోయిన మనిషి తనంతట తాను కదలకపోవచ్చు.

అలారం లేకపోతే నిదానంగా ఉన్నమాటే చెప్పండి. "అన్నా, నేను ఫలానా. అది వాల్వ్ చప్పుడు. ఇది ఇస్నాపూర్, టైం రెండు అయింది. కాళ్లు నేలకు గట్టిగా ఆనించు." చేతిలో చల్లటి నీళ్ల బాటిల్ పెట్టండి. వెనక నుంచి భుజం మీద చెయ్యి వేయొద్దు, ముఖం మీద నీళ్లు కొట్టొద్దు, చుట్టూ గుంపు కట్టొద్దు. ముఖ్యంగా "ఆర్మీలో ఏమైంది చెప్పు" అని అప్పుడు అడగొద్దు.

ఇంకో జాగ్రత్త. ఫార్మా, కెమికల్ యూనిట్లలో టోల్యూన్ లాంటి సాల్వెంట్ ఆవిరి పీల్చినా మనిషి మత్తుగా, అయోమయంగా అవుతాడు. షుగర్ పడిపోయినా, మూర్ఛ వచ్చినా, పాత తల దెబ్బ ఉన్నా చూడ్డానికి ఇట్లనే ఉంటుంది. అనుమానం ఉంటే ముందు బయటి గాలిలోకి తేవాలి. ఊపిరి సరిగ్గా ఆడకపోయినా, తలకు దెబ్బ తగిలినా, ఫిట్స్ 5 నిమిషాలు దాటినా 108కి ఫోన్ చేయాలి. డిసోసియేషన్ వల్ల కూడా ఫిట్స్ లాంటివి వస్తాయి. వాటికి మూర్ఛ మందులు పనిచేయవు. ఏది ఏదో తేల్చేది డాక్టరే, అవసరమైతే ఈఈజీ తీస్తారు. పూనకమనో, ఎవరో చేతబడి చేశారనో తాయెత్తు కట్టించి ఏడాది పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి.

మరి ట్రీట్‌మెంట్? దీన్ని నేరుగా తగ్గించే ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. డిప్రెషన్, నిద్ర, ఆందోళనకు మందులు ఇస్తారు, అవి సాయం చేస్తాయి. అసలు పని మాట్లాడే చికిత్సది. అందులోనూ తొందర పనికిరాదు. చాలామంది "మనసులో ఉన్నదంతా కక్కేస్తే తేలికైపోతుంది" అనుకుంటారు. మనిషి గట్టిపడకముందే పాత సంగతి తవ్వితే ఇంకా ఎక్కువ తెగిపోతాడు. అందుకే మొదట కొన్ని వారాలో నెలలో నిలదొక్కుకోవడమే చికిత్స: నిద్ర, తాగుడు తగ్గించడం, తెగిపోయే ముందు ఒంట్లో వచ్చే సూచన పట్టుకోవడం. నిద్ర చాలకపోతే డిసోసియేషన్ పెరుగుతుంది కాబట్టి, నైట్ షిఫ్ట్ నుంచి డే షిఫ్ట్‌కు మారడం కూడా మందులాంటిదే. కాంట్రాక్టు ఉద్యోగంలో ఆ మాట అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా డాక్టర్ రాసిచ్చిన కాగితంతో అడిగితే కొంచెం బలం ఉంటుంది. ఆ తర్వాతే ట్రైనింగ్ ఉన్న థెరపిస్టు దగ్గర ట్రామా థెరపీ, ఈఎండీఆర్ లాంటివి. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. మెడికల్ షాపులో సొంతంగా నిద్రమాత్రలు కొని వేయడం మాత్రం ఆపించండి, కొన్ని ఆ మొద్దుబారడాన్ని ఇంకా పెంచుతాయి.

ఎక్కడికి పోవాలి? పెన్షన్ తీసుకునే మాజీ సైనికులకు, వాళ్ల కుటుంబానికి 2003 నుంచి ఈసీహెచ్‌ఎస్ ఉంది. కార్డు తీసుకుని పాలీక్లినిక్‌కు వెళ్లి సైకియాట్రిస్టుకు రెఫర్ చేయమని అడగాలి. ఈఎస్ఐ కార్డు ఉంటే అదొక దారి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. "ఎర్రగడ్డ" అనగానే నవ్వే అలవాటు మనకుంది, ఆ నవ్వు వల్లే చాలామంది వెళ్లరు. ముందు ఫోన్‌లో మాట్లాడదామంటే టెలీ మానస్, 14416. ఫ్రీ, 24 గంటలు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలని మాట వస్తే మాత్రం వాయిదా వద్దు, ఆ రాత్రే చేయండి. కంపెనీకి తెలిసిపోతుందని భయపడేవాళ్లకు: 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పేషెంటు వివరాలు గోప్యంగా ఉంచాలి.

ఆ మనిషి మీ నాన్నో, బాబాయో అయితే డాక్టర్ దగ్గరికి పోయేముందు ఫోన్ నోట్స్‌లో ఇవి రాసుకోండి. ఏ టైంకు వచ్చింది, ముందు ఏ చప్పుడు, ఏ వాసన ఉంది, ఎంతసేపు ఉంది, తర్వాత ఏం గుర్తుంది, ముందు రోజు ఎంత నిద్ర, తాగాడా లేదా. ఫిట్స్ లాంటిది వస్తే అర నిమిషం వీడియో డాక్టర్‌కు చాలా పనికొస్తుంది. అది డాక్టర్‌కు చూపించడానికే, డ్యూటీ వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి కాదు. తీసినట్టు ఆయనకు తర్వాత చెప్పండి, వద్దంటే డిలీట్ చేయండి.