బొంత పరిస్తే... పాట మారింది!

సంక్రాంతికి బెంగళూరు నుంచి వస్తూ కొడుకు పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చాడు. అయిదు చిన్న స్పీకర్లు, ఒక లావుపాటి ఊఫర్. అన్నీ నాయన కోసమే. ఆయనకు పాటలంటే ప్రాణం. గంటసేపు కుస్తీపట్టి వైర్లన్నీ బిగించి, ఘంటసాల పాట పెట్టాడు. ఇల్లు దద్దరిల్లింది. పక్కింటి పిల్లలు పరుగెత్తుకొచ్చారు. నాయన మాత్రం రెండో చరణం దాకా ఓపికపట్టి, 'మాటలు ఇనపడ్డంల్యా నాయనా... దుమ్ము దుమ్మని ఒగటే మోత. నా పాత రేడియోనే మేలు' అంటూ లేచి వరండాలోకి వెళ్లిపోయారు.

చాగలమర్రిలో ఇలాంటి ఇల్లు ఒకటి ఉందనుకుందాం. ఆ మాటకొస్తే ప్రతి ఊళ్లోనూ ఉండే ఉంటుంది! తప్పు కొడుకుదా? కాదు. పెట్టెలదా? అదీ కాదు. సగం తప్పు కాళ్లకింద ఉంది, మిగతా సగం అట్టపెట్టె మీద అచ్చేసిన అంకెల్లో ఉంది.

కర్నూలు-కడప రహదారి మీద, నంద్యాల జిల్లా అయిపోయి కడప జిల్లా మొదలయ్యే చోట ఉంటుంది చాగలమర్రి. 2022లో కొత్త జిల్లా వచ్చేదాకా ఇది కర్నూలు జిల్లానే. ఈ సీమలో పాట వినే తీరు తరానికోసారి మారుతూ వచ్చింది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి విన్న రేడియో ఒక తరానిది. కడప ఆకాశవాణి పెడితే పొద్దు తెలిసేది. తర్వాత కువైట్ వెళ్లినవాళ్లు టూ ఇన్ వన్‌లు తెచ్చారు. దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, షోకేసులో దేవుడి పటం పక్కన పెట్టుకున్న ఇళ్లెన్నో. ఆ తర్వాత సీడీలు, హోమ్ థియేటర్లు, ఇప్పుడు ఫోనుకు కలిపే బ్లూటూత్ డబ్బాలు. పెట్టె మారిన ప్రతిసారీ ఇల్లు కూడా మారింది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

రాతి మీద పడిన పాట

ఆళ్లగడ్డ అనగానే శిల్పులు గుర్తొస్తారు. బేతంచెర్ల, కడప అనగానే గచ్చుబండలు. రాయికి కరవులేని ప్రాంతమిది. కొత్తగా కట్టిన ఇల్లంటే కింద నున్నటి బండ, పైన సిమెంటు శ్లాబు, చుట్టూ నునుపుగా పూసిన గోడలు. వేసవిలో కాళ్లకు చల్లగా, తుడుచుకోవడానికి హాయిగా ఉంటుంది. చెవికి మాత్రం అంత హాయి కాదు.

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో పోతుంది. స్పీకరు నుంచి బయల్దేరిన పాట నేరుగా మన చెవికి ఒకసారి చేరుతుంది. బండకు తగిలి ఇంకోసారి, శ్లాబుకు తగిలి మరోసారి, గోడల మధ్య బంతిలా ఎగిరి ఎగిరి పదిసార్లు చేరుతుంది. ఒక అక్షరం ఇంకా గదిలో తిరుగుతుండగానే తర్వాతి అక్షరం వచ్చి దాని మీద పడుతుంది. అదే మోత!

పాత మట్టిమిద్దెలు అలా ఉండేవి కావు. దూలాలు, దంతెలు, గరుకు గోడలు, మూలన వడ్ల మూటలు, దండెం నిండా బట్టలు, నులకమంచం మీద పరుపుల చుట్ట... శబ్దం ఎటు వెళ్లినా ఏదో ఒకటి దాన్ని మింగేసేది, లేదా చెదరగొట్టేది. నాయనకు పాత రేడియో మేలనిపించడంలో ఆ మిద్దె వాటా కూడా ఉంది.

ఇదేదో కొత్తగా కనిపెట్టింది కాదు. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో పాఠం అర్థంకాక విద్యార్థులు అల్లాడిపోయారు. నోటి నుంచి వచ్చిన మాట అయిదున్నర సెకన్ల పాటు హాల్లో మోగుతూనే ఉండేది. సంగతి చూడమని వాలెస్ సబైన్ అనే కుర్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన ఏం చేశాడో తెలుసా? దగ్గర్లోని నాటకశాల కుర్చీల మీది మెత్తలు మోయించి తెచ్చి హాల్లో పరిచాడు. ఊరు సద్దుమణిగాక రాత్రుళ్లు కూర్చుని, ఎన్ని మెత్తలు వేస్తే మోత ఎంతసేపట్లో ఆగుతుందో లెక్కగట్టాడు. ఆ లెక్కతోనే బోస్టన్ సింఫనీ హాలుకు సలహాలిచ్చాడు. 1900లో తెరిచిన ఆ హాలును ప్రపంచంలోని గొప్ప సంగీతశాలల్లో ఒకటిగా ఇప్పటికీ చెబుతారు. శబ్దాన్ని పీల్చుకునే శక్తికి కొలమానం కూడా ఆయన పేరుమీదే ఉంది.

హార్వర్డ్ మెత్తలకు మన ఇంట్లో సాటి... బొంత! పాత చీరలు నాలుగైదు పొరలుగా కుట్టిన బొంత. ముందు గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. 'టప్' అని ఆగిపోతే మంచిదే. 'టర్‌ర్' అని సాగితే గది మీ పాటను పాడుచేస్తున్నట్టే. స్పీకర్లకూ మీకూ మధ్య నేల మీద బొంతో జంపఖానో పరవండి. కిటికీకి మందపాటి పరదా కట్టండి. మీ వెనకున్న బోడి గోడకు పుస్తకాల అలమరా చేర్చండి. మళ్లీ చప్పట్టు కొట్టండి. తేడా మీకే తెలుస్తుంది, పైసా ఖర్చు లేకుండా.

అయితే బొంతకు లొంగేది సన్నని శబ్దాలే. దుమ్ దుమ్ అనే బరువు శబ్దం దానికి లొంగదు. దానికి మందు వేరే ఉంది. ఊఫర్‌ను మూల నుంచి బయటికి జరపాలి. మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి ఆ మోతను పెంచేస్తాయి. మన ఇళ్లలో ఊఫర్‌కు దొరికే చోటు ఎక్కువగా ఆ మూలే కావడం దాని దురదృష్టం!

2000 వాట్ల మాయ

ఇక అట్టపెట్టె మీది అంకెలు. టేప్‌రికార్డర్ల కాలం నుంచీ 'పీఎంపీవో' అని ఒక మాట ఉంది. 1000 వాట్లు, 2000 వాట్లు అంటూ మెరిసే స్టిక్కరు. ఏదో ఒక క్షణంలో, ఏ కొలతకూ నిలవని పద్ధతిలో తేల్చిన అంకె అది. అసలు చూడాల్సింది 'ఆర్ఎంఎస్' వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగిన శక్తి. అదీ రాయకపోతే పెట్టె వెనక్కి తిప్పండి. కరెంటు ఎంత తింటుందో అక్కడి ప్లేటు మీద ఉంటుంది. 40 వాట్లు తినే పెట్టె 2000 వాట్లు పాడదు. గంపెడు వడ్లు పోసి బండెడు బియ్యం ఎవరు తీయగలరు!

పైగా వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు. మూడు డెసిబెల్స్ పెరుగుతుంది, అంటే చెవికి కొంచెం. వినడానికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పదిరెట్ల శక్తి కావాలి. మామూలు గదిలో మామూలుగా పాట వినేటప్పుడు స్పీకరు తీసుకునేది చాలాసార్లు ఒక వాటు చుట్టుపక్కలే. అందుకే నిజమైన 30 వాట్ల ఆంప్లిఫయర్ ఇంటికి బోలెడు.

అంకెలు నమ్మి మోసపోయినవాళ్లలో మామూలువాళ్లే లేరు. బెంగాల్ నుంచి అమెరికా వలసవెళ్లిన ఒక స్వాతంత్య్ర యోధుడి కొడుకు అమర్ బోస్, 1956లో ఎంఐటీలో చదువుకుంటూ ఓ మంచి స్టీరియో కొన్నాడు. కాగితం మీద అన్నీ బ్రహ్మాండం. ఇంట్లో పెడితే వయొలిన్ వయొలిన్‌లా లేదు. ఎందుకిలా అని తవ్వుతూ పోయి శబ్దశాస్త్రంలో దిగాడు. 1964లో కంపెనీయే పెట్టాడు. సంగీతసభలో మనం వినేదాంట్లో ఎక్కువ భాగం గోడల నుంచి తిరిగొచ్చేదేనన్నది ఆయన ఆలోచనకు మూలం. మళ్లీ గోడల దగ్గరికే వచ్చామన్నమాట.

రెండు చాలు

సినిమాలు చూడటానికి అయిదు స్పీకర్లు, ఊఫర్ ఉంటే సరదానే. పాటలు వినడానికి మాత్రం రెండు మంచి స్పీకర్లు చాలు. అదే డబ్బును ఆరు పెట్టెలకు పంచితే ఒక్కో పెట్టెకు ఎంత దక్కుతుంది? మాయాబజార్ (1957) నాటి పాటలు మోనోలో, అంటే ఒకే దారిలో రికార్డయినవి. 2010లో ఆ సినిమాకు రంగులద్దినప్పుడు కొత్తగా డీటీఎస్ శబ్దమూ చేర్చారు గానీ, ఆనాటి రికార్డింగుకు ఎడమ, కుడి లేవు.

ఇందులో ఒక లాభం కూడా ఉంది. రెండు స్పీకర్ల మధ్య కూర్చుని పాత మోనో పాట పెట్టండి. గాయకుడు సరిగ్గా మధ్యలో నిలబడి పాడినట్టు అనిపించాలి. గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియక తేలిపోతూ, మృదంగం పల్చబడితే... ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు వైర్లు తారుమారయ్యాయన్నమాట. మార్చి బిగించండి. చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి అలాగే వింటుంటారు!

స్పీకర్లు బీరువా మీదో అటక మీదో పెడితే పాట ఫ్యానుకు వినపడుతుంది. చిన్న గుండ్రటి స్పీకరు, అదే ట్వీటర్, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి. రెంటి మధ్య ఆరడుగులు ఉంటే, మనమూ ఒక్కోదానికి ఆరడుగుల దూరంలో కూర్చోవాలి. వైర్లకు వేలు పోయక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 రాగి వైరు ఇంట్లో దూరాలకు సరిపోతుంది.

కొనేముందు వినండి. మీకు కంఠతా వచ్చిన నాలుగు పాటలు వెంట తీసుకెళ్లండి. ఒక గొంతు, ఒక నాదస్వరమో మాండలినో, ఒక మృదంగం. దుకాణం వాళ్లు పెట్టే హోరుపాటలతో ఏమీ తేలదు. రెండు జతలు పోల్చేటప్పుడు రెండూ ఒకే శబ్దంలో ఉండాలి. కాస్త గట్టిగా మోగేది చెవికి ఎప్పుడూ మేలుగానే అనిపిస్తుంది. ఈ కిటుకు అమ్మేవాళ్లకు బాగా తెలుసు.

ఒకేసారి అన్నీ మార్చాలన్న తొందరా వద్దు. ముందు చోటు, గది. తర్వాత స్పీకర్లు. అవి ఏళ్ల తరబడి ఉంటాయి, పాట రంగును ఎక్కువగా మార్చేవీ అవే. ఆ తర్వాతే ఆంప్లిఫయర్. ఫోనా, సీడీనా, నెలకింత కట్టే పాటల సర్వీసా అన్నది ఆఖరి ప్రశ్న. బ్లూటూత్ పాటను కాస్త కుదించి పంపుతుంది, నిజమే. బండల గది చేసే నష్టం ముందు అదెంత!

ఒకటి మాత్రం సీమ ఇళ్లలో తప్పక చూసుకోవాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోగానే స్పీకర్లు 'గుర్‌ర్' మంటే అది స్క్వేర్ వేవ్ రకం అయ్యుంటుంది. సైన్ వేవ్ అయితే ఆ బాధ తక్కువ. కరెంటు ఉన్నప్పుడూ గురక తగ్గకపోతే ఎర్తింగ్ చూపించండి.

నాయన చెవి

వయసు పెరిగేకొద్దీ ముందుగా తగ్గేది సన్నని శబ్దాలు వినే శక్తి. 'స', 'శ', 'త', 'క' లాంటి హల్లులు స్పష్టమయ్యేది ఆ సన్నని శబ్దాల్లోనే. అంటే, కొడుక్కి కమ్మగా వినిపించే ఊఫర్ మోత నాయనకు మాటల్ని కప్పేస్తుంది. ఆ ఇంట్లో చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఊఫర్ సగానికి తగ్గించాలి, ట్రెబుల్ కొంచెం పెంచాలి, స్పీకర్లను ఆయన కుర్చీకి దగ్గరగా జరపాలి. బండ మీద బొంత పరచాలి. వాల్యూమ్ పెంచక్కర్లేదు.

అదే ఊపులో కొడుకు ఇంకో పని కూడా చేయబోయాడనుకోండి. అటక మీది పాత టూ ఇన్ వన్‌ను, క్యాసెట్ల డబ్బాను పాతసామాన్లవాడికి వేయబోయాడు. ఆగాలి! సినిమా పాటల క్యాసెట్ పోతే పోనీ, ఆ పాటలు ఫోన్‌లో దొరుకుతాయి. పేరు చెరిగిపోయిన ఆ నాలుగైదు క్యాసెట్లు మాత్రం ఎక్కడా దొరకవు. గుడి ముందు రాత్రంతా ఆడిన హరిశ్చంద్ర నాటకం, శ్రావణమాసం భజన, పెళ్లిలో పెద్దమ్మలు పాడిన పాటలు... 1980ల్లో టూ ఇన్ వన్ ఉన్న ప్రతి ఇల్లూ ఒక రికార్డింగు స్టూడియోనే.

క్యాసెట్ టేపు ఏటేటా చెడిపోతుంది. బూజు పడుతుంది, లోపలి స్పాంజి మెత్త ఊడిపోతుంది. యంత్రంలోని రబ్బరు బెల్టులు సాగిపోతాయి. ముందు బెల్టులు మార్పించి, టేపు తగిలే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవాలి. బూజు ఉన్న క్యాసెట్‌ను యంత్రంలో పెట్టకుండా పక్కన ఉంచాలి. మిగిలినవాటిని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పాలి. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ పరికరంతో కంప్యూటరుకు కలిపి, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించుకోవచ్చు. ఎంపీ3 కాకుండా సీడీ నాణ్యతలో, అంటే 16 బిట్లు, 44,100 హెర్ట్జ్‌లో దాచుకుంటే గంటకు సుమారు 635 ఎంబీ అవుతుంది. 32 జీబీ కార్డులో దాదాపు యాభై గంటలు పడతాయి. రెండు చోట్ల దాచాలి. టేపు ఎంతసేపు ఉంటే అంతసేపూ పడుతుంది ఈ పని, తొందరపెట్టే దారి లేదు.

ఫైలుకు పేరు పెట్టడానికి పెద్దవాళ్లు పక్కన ఉండాలి. ఏ ఊరు, ఏ ఏడు, హార్మోనియం ఎవరు, నక్షత్రకుడి వేషం ఎవరిది... అవన్నీ వాళ్లకే తెలుసు. పండగ మూడో రోజు మధ్యాహ్నం, బొంత మీద కూర్చుని నాయన హరిశ్చంద్ర వింటున్నారు. కాటిసీను పద్యం నడుమ ఎవరో దగ్గారు. 'ఈ దగ్గు కట్ చేసేద్దునా నాయనా?' అని అడిగాడు కొడుకు.

'వద్దురా... అది మీ జేజినాయన.'