ఫోన్‌లో ఏఐని అడిగే ముందు ఆకు తిప్పి చూడండి



పై వీడియోలో ఫోన్‌లో ఏఐని ఎలా అడుగుతున్నానో మిరప చేలో నిలబడి చూపించాను. చూసినవాళ్లు "ఆ ప్రశ్న మొత్తం రాసి పెట్టండి, మేం కాపీ చేసుకుంటాం" అన్నారు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా. ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తే మాత్రం లాభం లేదు, నా చేను వేరు, మీ చేను వేరు. ఆ ప్రశ్న అలా ఎందుకు రాశానో అర్థమైతే మీ ప్రశ్న మీరే రాసుకోగలరు.

నాకు తగిలిన దెబ్బ

ముందు నేను చేసిన తప్పు చెప్తా. మాది పల్నాడు జిల్లా, నల్లరేగడి నేల, ఎకరంన్నర మిరప. ప్రకృతి సేద్యంలోకి వచ్చిన రెండో ఏడు, నాటిన నెలన్నరకి ఆకు ముడత కనిపించింది. రాత్రి మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఉన్న ఒక ఏఐని అడిగా: "మిరపలో ఆకు ముడత వస్తుంది, మందు చెప్పు."

టకటకా మూడు రసాయన మందుల పేర్లు చెప్పింది. "కెమికల్ వద్దు, నేచురల్ చెప్పు" అన్నా. వెంటనే అగ్నాస్త్రం కొట్టమంది. లీటరు కషాయానికి పది లీటర్ల నీళ్లు కలపమని నీటుగా రాసిచ్చింది. నేను కొత్తవాణ్ణి. అంత శుభ్రంగా వరసగా రాసి ఉంటే నిజమే అనుకున్నా. మర్నాడు పదకొండింటికి, ఎండలో, నాలుగు వరసలకి కొట్టా. సాయంత్రానికి ఆకుల అంచులు మాడిపోయాయి.

మామూలుగా అగ్నాస్త్రం 100 లీటర్ల నీళ్లకి 2 నుంచి 3 లీటర్లే కలుపుతాం. అంటే 16 లీటర్ల ట్యాంకుకి అర లీటరు లోపే. నేను పోసింది లీటరున్నర. మూడు రెట్లు ఎక్కువ!

ఆ సాయంత్రం మా పెదనాన్న చేలోకి వచ్చాడు. మాడిన ఆకుల సంగతి ఏమీ అనలేదు. అడిగిన మొదటి మాట ఒకటే: "ముడత పైకా, కిందికా రా?"

నేను నోరెళ్లబెట్టా. చూస్తే కదా చెప్పడానికి! ఆయనే ఒక ఆకు తుంచి తిప్పి చూపించాడు. అంచులు కిందికి తిరిగి, ఆకు బోర్లించిన పడవలా ఉంది. కాడ సాగి ఉంది. "ఇది నల్లి. ఆకు అడుగున ఉంటది. నువ్వు పైన కొట్టావు" అన్నాడు. అంటే మోతాదు సరిగ్గా కలిపినా నా పిచికారీ సగం దండగే.

నల్లి కంటికి ఆనదు. ఆకు కిందికి ముడుస్తుంది. తామర పురుగైతే ఆకు అంచులు పైకి ముడుస్తుంది. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అయితే ఆకులు చిన్నబోయి, ముద్దగా, మొక్క గిడసబారిపోతుంది. మనం మూడింటినీ "ముడత" అనే ఒక్క మాటతో పిలుస్తాం. నేను ఫోన్‌కి ఇచ్చింది ఆ ఒక్క మాటే.

పెదనాన్నకీ ఫోన్‌కీ తేడా అక్కడే కనిపించింది. ఆయన జవాబు చెప్పే ముందు ప్రశ్న అడిగాడు. ఫోన్ మనం చెప్పకపోతే చాలాసార్లు అడగదు, ఉన్నదాంతో ఏదో ఒకటి చెప్పేస్తుంది.

అది అలా ఎందుకు చెప్తుంది?

ఛాట్‌జీపీటీ అయినా, జెమినై అయినా, వాట్సాప్‌లో ఉండే మెటా ఏఐ అయినా పని చేసే తీరు ఇంచుమించు ఒకటే. లెక్కలేనంత రాతని చదివి, ఏ మాట తర్వాత ఏ మాట రావడం సహజమో నేర్చుకున్న యంత్రం అది. మన చేను అది చూడలేదు. మన ఊళ్లో వాన పడిందో లేదో దానికి తెలియదు. మనం రాసిన నాలుగు మాటలే దానికి కనిపించే పొలం.

ఇంకో సంగతి. పంటల గురించి రాసి ఉన్నదాంట్లో ఎక్కువ భాగం రసాయన సేద్యం గురించే. కాబట్టి "మందు చెప్పు" అంటే రసాయన మందే ముందు వస్తుంది. అందులో దాని కుట్ర ఏమీ లేదు, ఎక్కువగా చదివింది ముందు చెప్తుంది, అంతే. మన కషాయాల గురించి చదివింది తక్కువ కాబట్టి అక్కడే తడబాటు ఎక్కువ. నీమాస్త్రం నీళ్లు కలపకుండా కొడతాం, అగ్నాస్త్రం నీళ్లు కలిపి కొడతాం. ఇలాంటివి కలగాపులగం చేసి కూడా తడుముకోకుండా చెప్తుంది. తప్పు చెప్పేటప్పుడు దాని గొంతు మారదు. అదీ ప్రమాదం.

ప్రశ్నలో ఏమేం ఉండాలి

దాన్ని అడిగే ప్రశ్ననే ప్రాంప్ట్ అంటారు. పేరు కొత్తదే కానీ పని పాతదే. దూరపు ఊళ్లో ఉన్న అనుభవమున్న రైతుకి ఉత్తరం రాస్తే ఏమేం రాస్తామో అవే రాయాలి.

1. పంట, రకం, వయసు. "మిరప" అంటే చాలదు. తేజ రకం, నాటి 50 రోజులు, పూత మొదలైంది అని చెప్పాలి.
2. నేల, నీరు, వాతావరణం. నల్లరేగడా, ఎర్ర చెలకా? బోరా, కాలువా? వాన పడి ఎన్నాళ్లయింది?
3. కంటికి కనిపించింది కనిపించినట్టు. లేత ఆకా, ముదురు ఆకా? పైకా, కిందికా? చేనంతా ఉందా, ఒక మూలేనా? "వైరస్ వచ్చింది" అని మనమే పేరు పెట్టి అడిగితే అది ఆ పేరునే పట్టుకుని పోతుంది.
4. ఇంతకు ముందు ఏం చేశాం. ఎప్పుడు ఏం పారించాం, ఏం కొట్టాం.
5. మన కట్టుబాటు, మన దగ్గర ఉన్నవి. రసాయనాలు వాడం అనీ, ఆవు ఉంది, వేప ఉంది, ఫలానా స్ప్రేయరు ఉంది అనీ చెప్పాలి.
6. జవాబు ఎలా కావాలి. ఎన్ని అడుగుల్లో, ఏ కొలతల్లో.

వీటన్నిటికన్నా ముఖ్యమైన ఏడోది ఒకటుంది. "వెంటనే మందు చెప్పకు, ముందు నన్ను ప్రశ్నలు అడుగు" అని రాయాలి. ఈ ఒక్క వాక్యంతో ఫోన్ కాస్త మా పెదనాన్నలా ప్రవర్తిస్తుంది.

ఈ ఏడాది నేను రాసిన ప్రశ్న

ఈ ఏడాది మళ్లీ ముడత కనిపించింది. ఈసారి మంచం మీద కూర్చోలేదు. చేలోకెళ్లి చూసి ఇలా రాశా:

"నువ్వు ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం బాగా తెలిసిన సలహాదారుగా మాట్లాడు. మాది పల్నాడు జిల్లా, నల్లరేగడి, బోరు నీళ్లు, డ్రిప్. ఎకరంన్నరలో తేజ మిరప. నాటి 50 రోజులైంది, పూత మొదలైంది. వారం రోజులుగా లేత ఆకుల అంచులు పైకి ముడుచుకుంటున్నాయి. ముదురు ఆకులు బాగానే ఉన్నాయి. తూర్పు గట్టు పక్క ఆరు వరసల్లో ఎక్కువ, లోపల తక్కువ. పది రోజులుగా వాన లేదు. 15 రోజుల కింద జీవామృతం పారించాను, పురుగుకి ఇంకా ఏమీ కొట్టలేదు. రసాయన మందులు వాడను, చెప్పొద్దు. నా దగ్గర ఒక ఆవు, వేప చెట్లు, 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయరు ఉన్నాయి. వెంటనే పరిష్కారం చెప్పకు. ఇది ఏమిటో తేల్చుకోవడానికి నేను పొలంలో ఏం చూడాలో ఐదు ప్రశ్నలు అడుగు. నా జవాబులు వచ్చాక, ఏమై ఉండొచ్చో, ఎందుకు అనుకుంటున్నావో చెప్పి, అప్పుడు చేయాల్సిన పని చెప్పు. కొలతలన్నీ 16 లీటర్ల ట్యాంకుకి ఇవ్వు. ఖాయంగా తెలియని చోట తెలియదని రాయి."

అది ఐదు ప్రశ్నలు అడిగింది. అందులో ఒకటి: "నాలుగైదు పూలు తెల్ల కాగితం మీద దులిపి చూడండి, కదిలే సన్నటి పురుగులు ఉన్నాయా, ఏ రంగు?"

కాగితం పట్టుకుని మళ్లీ చేలోకి వెళ్లా. పూలు దులిపితే సన్నటి నల్ల పురుగులు గబగబా పాకాయి. 2021లో మన మిరప రైతుల్ని ఏడిపించిన నల్ల తామర పురుగే! పూలలో చేరడం దాని అలవాటు. ఫోన్ ఇంకా జవాబు చెప్పకముందే సగం జవాబు నా చేతిలో కాగితం మీద ఉంది.

నేను ఈ వ్యాసంలో చెప్పాలనుకున్నది ఇదే. మంచి ప్రశ్న రాయాలంటే చేలోకి వెళ్లక తప్పదు. ఆకు తిప్పక తప్పదు. ప్రశ్న సరిగ్గా రాయలేకపోతున్నామంటే చేను సరిగ్గా చూడలేదన్నమాట.

ఆ తర్వాత అది చెప్పినవాటిలో నీలి రంగు జిగురు అట్టలు, పూలూ చిగుళ్లూ తడిసేలా సాయంత్రం పూట నీమాస్త్రం, వచ్చే ఏడు చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో వేసుకోవడం ఉన్నాయి. ఇవి మనకి కొత్తవి కావు. కాకపోతే ఈసారి సరైన పురుగుకి సరైన పని చెప్పింది.

కొలతల దగ్గర జాగ్రత్త

ఏఐ చాలాసార్లు హెక్టారు లెక్క చెప్తుంది. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. చూసుకోకుండా ఎకరానికి పోస్తే కొంప మునుగుతుంది. సెంట్లలో చెప్పేవాళ్లు "ఎకరానికి 100 సెంట్లు" అనీ, తెలంగాణ సోదరులు "ఎకరానికి 40 గుంటలు" అనీ ప్రశ్నలోనే రాయండి. 30 సెంట్లన్నా 12 గుంటలన్నా ఒకటే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక కిటుకు. మీకు బాగా తెలిసినదాన్ని ముందు అడిగి పరీక్ష పెట్టండి. "30 సెంట్లకి జీవామృతం కొలతలు చెప్పు" అనండి. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను. కాబట్టి 30 సెంట్లకి 60 లీటర్ల నీళ్లు, 3 కిలోల పేడ, 600 గ్రాముల బెల్లం రావాలి. రాకపోతే దాన్ని ఎంత నమ్మాలో మీకే తెలిసిపోతుంది.

ఇంకా మంచిది, మీరు వాడే కొలతలు మీరే ప్రశ్నలో రాసేసి "వీటినే వాడు, మార్చకు, నా విస్తీర్ణానికి లెక్క కట్టు" అనడం. కూడికలు, గుణింతాలు దానికి అప్పజెప్పండి. మూల కొలత మాత్రం మీ చేతిలో ఉంచుకోండి.

నోటితో చెప్పేవాళ్లకి, ఫొటో పెట్టేవాళ్లకి

టైపు చేయడం కష్టమైతే మైకు నొక్కి తెలుగులోనే చెప్పండి. కానీ పంపేముందు ఒకసారి చదవండి. మన కషాయాల పేర్లు వినడంలో తప్పులు పోతాయి. ఊరి పేర్లతో పిలిచే పురుగైతే, పేరుతో పాటు అది ఎలా ఉంటుందో కూడా చెప్పండి. ఒక ఊళ్లో పేను అన్నది ఇంకో ఊళ్లో బంక.

ఫొటో ఒకటి సరిపోదు. మొక్క మొత్తం ఒకటి, ఆకు పైభాగం ఒకటి, ఆకు అడుగు ఒకటి తీయండి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. ఫొటో పెట్టాం కదా అని మాటలు తగ్గించొద్దు.

ఆధార్ నంబరు, పాసుబుక్కు నంబరు, బ్యాంకు వివరాలు మాత్రం ఎప్పుడూ అందులో రాయకండి. పంట సలహాకి వాటితో పనేంటి?

జవాబు వచ్చాక

జవాబు రాగానే స్ప్రేయరు భుజాన వేసుకోవద్దు. నేను ఇప్పుడు మూడు పనులు చేస్తున్నా. ఒకటి, "ఇందులో నీకు అనుమానం ఉన్న చోట్లు ఏవి? ఇది తప్పయితే నాకెలా తెలుస్తుంది?" అని తిరిగి అడుగుతా. రెండు, కొలతల్ని అనుభవమున్న రైతుతోనో, మన దగ్గర పనిచేసే ప్రకృతి వ్యవసాయ సిబ్బందితోనో సరిచూస్తా. అనుమానముంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. మూడు, ముందు పది మొక్కలకి కొట్టి రెండు రోజులు చూస్తా. చేనంతా కొట్టినా ఒక వరస కొట్టకుండా వదులుతా. అలా వదిలితేనే కదా, తగ్గింది కషాయం వల్లో, దానంతటదో తెలిసేది.

ఆ ఏడు ఈ మూడో పని చేసి ఉంటే నాకు మాడేది పది మొక్కలే. నాలుగు వరసలు మాడాయి. అవి మిగతా చేనుతో పాటు ఎదగనేలేదు.

ఇప్పుడు ఏఐని నేను ఖర్చుల లెక్క రాయడానికి, కొనేవాళ్లకి వాట్సాప్‌లో పంపే మెసేజ్ సరిచేయడానికి, నా పిచికారీ తేదీలు వరసగా పెట్టుకోవడానికి ఎక్కువ వాడుతున్నా. అక్కడ తప్పు పోయినా పంట మాడదు. పంట సలహా దగ్గర మాత్రం దాన్ని గురువుగా చూడను. చేలో ఏం చూడాలో గుర్తుచేసే పాలేరుగా చూస్తా.

ఈసారి ఆకు మీద ఏదైనా కనిపిస్తే ముందు ఫోన్ తీయకండి. ఆకు తిప్పండి, పువ్వు దులపండి, చూసింది కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే మీ ప్రాంప్ట్.

ఉంటాను.