బాలకథలయందు భయానకము: పినోకియో కథయు దాని చలనచిత్రములును

బాలురకై వ్రాయఁబడిన యద్భుతకథలయందు మరణము, బంధనము, రూపభ్రంశము మొదలగు ఘోరవిషయము లుండఁదగునా యను ప్రశ్న చిరకాలమునుండి వివాదాస్పదమై యున్నది. బాలుర మనస్సు మృదువైనది గావున నట్టివానిని బరిహరింపవలయునని కొందఱును, లోకమున నున్న భయమును గథయందు దాఁచుట వంచనయే యగునని మఱికొందఱును వాదింతురు. ఈ రెండు వాదములును భయము కథలో నున్నదా లేదా యనుటనే చూచుచున్నవి గాని, యున్న భయ మెట్టిది, యది దేనివలనఁ బుట్టినది, యెందుఁ బర్యవసించినది యను విచారమును జేయకున్నవి. ఆ విచారమునకు ఇటలీ దేశపుఁ గథయగు పినోకియో మిక్కిలి తగిన యుదాహరణము. అది నూఱేండ్లకుఁ బైగా బాలురచేఁ జదువఁబడుచుఁ బలుమాఱులు చలనచిత్రరూపమును బొందినది. ప్రతి మార్పునందును దానిలోని భయమునకు వేర్వేఱు గతులు గలిగినవి.

ఈ కథను రచించినవాఁడు కార్లో లొరెంజీని. ఇతఁడు 1826లో ఫ్లోరెన్సు నగరమున జన్మించి 1890లో మరణించెను. తల్లి పుట్టినయూరగు కొల్లోడి పేరును దన రచనానామముగాఁ గైకొనెను. 1881 జూలై నెలలో రోమునగరమునుండి వెలువడు నొక బాలుర పత్రికయందు 'ఒక కొయ్యబొమ్మ కథ' యను నర్థము గల పేరుతో దీనిఁ బ్రకటింప నారంభించెను. జెప్పెట్టో యను పేదవాఁడు కొయ్యతునకనుండి చెక్కిన బొమ్మ మాటలాడుటయుఁ, బాఱిపోవుటయు నిందలి యాద్యవృత్తాంతము. హితముఁ జెప్పిన కీచురాయిని బొమ్మ సుత్తితోఁ గొట్టి చంపును. నిప్పులపై పాదములుంచి నిద్రించి వానిని గాల్చుకొనును. తుదకు బొగ్గుసంచులు గప్పుకొన్న యిరువురు దొంగలు బంగారునాణెములకై వానిని దఱిమి పెద్ద సిందూరవృక్షమునకు ఉరిదీయుదురు. తండ్రిని దలఁచుకొనుచు వాఁడు బిగుసుకొని పోవును. 1881 అక్టోబరులోఁ బదునైదవ ప్రకరణముతోఁ గథ యిచ్చటనే ముగిసినది.

సంస్కృతాలంకారికుల దృష్టితోఁ జూచినచో నిది మిగుల విలక్షణమైన ముగింపు. వధను రంగమునఁ బ్రత్యక్షముగాఁ జూపరాదని ధనంజయుఁడు దశరూపకమునఁ జెప్పెను. అందును నాయకుని వధ సూచనగా నైనను గూడదని యా సంప్రదాయము. కొల్లోడి కథలో నుపదేశము నిరాకరించిన నాయకుఁడు చచ్చినాఁడు, కథ యయిపోయినది. అయితే పాఠకుల కోరికచే 1882 ఫిబ్రవరిలోఁ గథ మరల నారంభింపఁబడి 1883 జనవరిలో ముప్పదియాఱు ప్రకరణములతో ముగిసి, యా సంవత్సరముననే ఫ్లోరెన్సునఁ బుస్తకరూపమునఁ బ్రకటితమైనది. నీలకేశి యగు దేవకన్య యొక డేగను బంపి యురిత్రాడు తెంపించెను. హర్షుని నాగానందమున జీమూతవాహనుఁడు ప్రాణములు విడిచిన తరువాత గౌరి వచ్చి బ్రతికించినట్లే, యిచ్చటను దైవసాహాయ్యముచే నాయకుఁడు పునర్జీవితుఁడయ్యెను. జీమూతవాహనుఁడు పుణ్యముచే బ్రతికినాఁడు. పినోకియోకు మాత్రము పుణ్యమును సంపాదించుకొను నవకాశ మొసఁగఁబడినది. కథ యుత్తరార్ధమంతయు నా యవకాశమే.

భరతుఁడు నాట్యశాస్త్రమున భయానకమును మూఁడు విధములుగా విభజించెను. కపటమువలనఁ గల్గునది వ్యాజకృతము. తాను జేసిన తప్పువలనఁ గల్గునది యపరాధకృతము. ఘోరదర్శనాదులచే నదరిపడుటవలనఁ గల్గునది విత్రాసితకము. అరణ్యగమనము, శూన్యగృహప్రవేశము, గురువులయెడ నపరాధము మొదలగునవి యందు విభావములు. పినోకియో రాత్రివేళ నడవిలోఁ బరువిడి యొక తెల్లని యింటి తలుపు తట్టఁగా, మైనమువంటి ముఖముగల బాలిక కనులు మూసికొనియే, యా యింట నందఱును జనిపోయిరనియుఁ, దానును మృతురాలినే యనియుఁ బల్కును. భరతుని గ్రంథము నెఱుఁగని యిటలీ రచయిత చేతిలో నా విభావములే వచ్చి చేరుట గమనింపఁదగినది. భయమునకుఁ గారణములు దేశభేదముచే నంతగా మాఱవు.

కొల్లోడి కథయందు మూఁడు విధములును గలవు. మందు త్రాగనని మొండికెత్తిన వేళ నాలుగు నల్లని కుందేళ్లు శవపేటికను మోసికొని వచ్చుటయు, దేవకన్య మరణించినదని తెల్పు సమాధిఫలకమును వ్యాజకృతములు. కుందేళ్లు మందు త్రాగఁగానే మరలిపోవును. దేవకన్య తరువాత సజీవయై కానవచ్చును. ఉరిదీసిన దొంగలును, కిలోమీటరుకంటెఁ బొడవైన దేహము గలిగి వానిని మ్రింగిన సముద్రమత్స్యమును విత్రాసితకమునకు లక్ష్యములు. కాని కథకుఁ బ్రాణమైనది యపరాధకృతము. చదువు లేని యాటల దేశమున నైదు నెలలు గడపిన తరువాత పినోకియోకును, వాని మిత్రుఁడగు లూచిన్యోలోకును గాడిదచెవులు మొలచును. ఒకరినిఁ జూచి యొకరు నవ్వుచుండఁగనే గాడిదలుగా మాఱుదురు, వారి విలాపము గాడిదయఱపగును. వారు వేర్వేఱుగా విక్రయింపఁబడుదురు. పినోకియో సర్కసులోఁ గుంటివాఁడై, చర్మముతో డోలు చేయించుకొనఁగోరినవానికి అమ్ముడుపోయి, సముద్రమునఁ ద్రోయఁబడును. చేఁపలు గాడిదమాంసమును దినివేయఁగాఁ గొయ్యబొమ్మ బయల్పడును.

ఇంతటి ఘోరమును బాలుఁ డెట్లు సహించుననిన, సమాధానము కథాంతమున నున్నది. మత్స్యగర్భమునుండి తండ్రిని రక్షించిన పినోకియో, యతనికొక గిన్నెఁడు పాలకై నీటియంత్రమును ద్రిప్పు పనికిఁ బోవును. అదివఱకు దానిని ద్రిప్పిన గాడిద యచ్చటఁ గొనయూపిరితో నున్నది, అది లూచిన్యోలో. మిత్రుఁడు చనిపోవును, పినోకియో గడ్డితోఁ గన్నీరు దుడుచుకొనును. ఆ పిమ్మట నైదు నెలలకుఁ బైగా వేకువకు ముందే లేచి యంత్రమును ద్రిప్పి తండ్రిని బోషించును. ఆటల దేశమునఁ బోయిన కాలమును, బనిలో గడచిన కాలమును నైదు నెలలే యగుట యాదృచ్ఛికమని చెప్పఁజాలము. తప్పునకుఁ దగిన ప్రాయశ్చిత్తము కలదను నెఱుక భయమును భరింపఁదగినదిగాఁ జేయును.

1940 ఫిబ్రవరిలో వాల్టు డిస్నీ సంస్థ విడుదలచేసిన యెనుబదియెనిమిది నిమిషముల చలనచిత్రము కథను మృదువుగాఁ జేసినదని ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధి సగమే నిజము. ఉరి తొలఁగింపఁబడినది, కీచురాయి చావక యంతరాత్మస్థానమున హితుఁడై వెంట నుండును, సమాధియు లేదు. తండ్రిని రక్షించి నీటఁబడి చచ్చిన బొమ్మను దేవకన్య బాలునిగాఁ జేసి బ్రతికించును. కాని గాడిదలుగా మాఱు ఘట్టము మూలమునకంటెఁ దీవ్రమైనది. మిత్రుని నీడ గోడపై గాడిదనీడగుటయుఁ, జేతులు గిట్టలగుటయు, వాఁడు తల్లిని బిలుచుటయుఁ బ్రేక్షకుఁడు చూచును, వినును. మాటలాడఁగలిగిన పిల్లలను బండివాఁడు వేఱుచేసి మరల లోనికిఁ ద్రోయును. పినోకియో చెవులతోను దోఁకతోను దప్పించుకొనును. తక్కినవారిని విడిపించువారు లేరు. బండివానికి దండనయు లేదు. మూలమున మిత్రుఁడు మరణించెను గాని, వానికై యొకఁడు కంటఁదడిపెట్టెను. చిత్రమున వారి మాటయే మరల రాదు. మరణములు తగ్గినవి గాని ప్రతిక్రియలేని భయము పెరిగినది.

దీనికిఁ గారణము దృశ్యశ్రవ్యముల భేదమునఁ గూడఁ గలదు. కథ వినునప్పుడు బాలుఁడు భయంకరవస్తువును దన మనస్సునకు దగిన కొలఁదిలోఁ గల్పించుకొనును. చెప్పువాఁడు ముఖముఁ జూచి వేగమును దగ్గింపవచ్చును. నడుమ నాపి ప్రశ్నకు బదులు చెప్పవచ్చును. చలనచిత్రమున రూపము, ధ్వని, కాలపరిమాణము నన్నియు నియతములు. వానిని దగ్గించుకొను స్వాతంత్ర్యము చూచువానికి లేదు. ధనంజయుఁడు వధాదులను రంగమునుండి తొలఁగించి సూచనకు విడుచుటలోని యౌచిత్య మిచ్చట స్పష్టమగును.

అట్లని దృశ్యమున ఘోరము తగదనుటయు సరికాదు. మట్టేయో గర్రోనె 2019లోఁ దీసిన యిటలీ చిత్రమున నురి మూలానుసారముగాఁ జూపఁబడినది. గియెర్మో దెల్ తోరోయు, మార్కు గస్టఫ్సనును 2022లోఁ దీసిన చిత్రము బొమ్మలను గొంచెము గొంచెముగాఁ గదల్చి ఛాయాచిత్రములు కూర్చినది. 2023లో ఆస్కారు పురస్కారమును బొందినది. అందలి కథ ముస్సోలినీ కాలపు ఇటలీలో జరుగును. జెప్పెట్టో కుమారుఁడు మొదటి ప్రపంచయుద్ధమునఁ జర్చిపైఁ బడిన బాంబుచే మరణించును. ఆటల దేశమునకు బదులు బాలురకు యుద్ధశిక్షణ నిచ్చు శిబిరము వచ్చును. మూలమున నవిధేయత యపరాధము. ఇచ్చట మాఱుమాటాడని విధేయతయే ప్రమాదకరము. పినోకియో పలుమాఱులు చచ్చి బ్రతుకును. తండ్రిని గాపాడుటకై యమరత్వమును దానే విడుచును. ఘోరము మూలమునకంటె నధికమైనను, నది మరణించువారియెడఁ బ్రేమను బోధించుటకు సాధనమైనది.

పై మూఁడింటిని బోల్చి చూచినచో, బాలకథలలోని ఘోరమును దాని పరిమాణమును బట్టి నిర్ణయింపఁగూడదని తేలుచున్నది. భయమునకుఁ గారణము బాలుఁ డెఱుఁగఁదగినదై యుండవలెను. ప్రతిక్రియ వాని చేతిలో నుండవలెను. నశించినవారికై కథలో నొకఁడైనను శోకింపవలెను. ఈ మూఁడును గలచోఁ ఘోరకథయు హితమగును; లేనిచో మృదువుగాఁ దోఁచు కథయు బాలుని మనస్సున దిగులుగా మిగులును. పాఠశాలలయందుఁ గథలను జెప్పు పండితులు ఘోరఘట్టములను మాత్రమే కత్తిరించుటవలనఁ గలుగు లాభము స్వల్పము. గాడిదచెవులను జెప్పి నీటియంత్రమును విడిచినచో మిగులునది బెదిరింపు మాత్రమే. రెంటిని జెప్పినచో మిగులునది కథ.